బారు రాసుకునే చోటు

అక్షరదోషాలుంటే మన్నించండి. అరవై దాటాక పలక పట్టినదాన్ని. ఈ కాస్త రాయడానికే నాలుగు రోజులు పట్టింది.

నా చెల్లెలి కూతురు సింధు ఆమదాలవలసలో బట్టల మీద పేర్లు, బొమ్మలు వేసే కొట్టు పెట్టింది. బరువులెత్తడం నేర్పే అప్పలసూరి మాష్టారు తన దగ్గర నేర్చుకునే పిల్లలకి పన్నెండు నల్ల టీషర్టులు, పన్నెండు జిప్పు జాకెట్లు అడిగారు. రెండింటికీ గుండె మీద వాళ్ల బరువుల సంఘం గుర్తు ఉండాలి. సింధు ముందుగా ఒక టీషర్టు మీద గుర్తుని వేడి మిషనుతో స్టిక్కరులా అంటించి ఇచ్చింది. వారానికే ఆయన దాన్ని వెనక్కి తెచ్చారు.

"ఇంకొక్కసారి సూస్తానమ్మా. ఈసారీ ఊడితే విశాఖపట్నంలో సేయించుకుంటాను."

సింధుకి ఇదే మొదటి పెద్ద పని. ఇది పోతే ఊళ్లో ఇంకెవరు ఇస్తారని దాని దిగులు.

"బండకేసి బాదుంటారు పెద్దమ్మా," అంది.

నేను చొక్కాని వెలుగులో పెట్టి చూశాను. బండకేసి బాదితే అంచులు లేవాలి. ఇది నడిమధ్యన అడ్డంగా, బెత్తెడు మేర గీకినట్టు ఉంది. ఎందుకో చూడాలనిపించింది.

మర్నాడు పొద్దున్నే మాష్టారు బరువులెత్తించే షెడ్డుకి వెళ్లాను. రేఖ అనే పిల్ల ఇనుప బారుని ఒక్క ఊపున ఎత్తి మెడకింద ఆన్చుకుంది. చేయి జారకుండా ఆ బారుకి గరుకు ఉంది. తడిమితే ఆకురాయిలా తగిలింది. దింపినప్పుడల్లా అది గుండె మీద రాసుకుంటూ జారుతోంది. సరిగ్గా గుర్తు ఉండే చోటే!

సింధుకి చెప్పాను. ఒక పాత తెల్ల పాలిస్టరు చొక్కాకి బారు రాసుకునే చోటే, పక్కపక్కన, ఒకే గుర్తుని మూడు రకాలుగా వేయించాను. ఒకటి స్టిక్కరు, ఒకటి మిషను కుట్టు, ఒకటి సబ్లిమేషన్. సబ్లిమేషన్ అంటే వేడికి రంగు ఆవిరై దారంలోకే దిగిపోతుందట.

సింధూ నేనూ షెడ్డుకి పట్టుకెళితే, రేఖ అది తొడుక్కుని నవ్వింది. "ఏటి పెద్దమ్మా, నన్ను గంగిరెద్దుని సేసీనారేటి?"

ముప్పైసార్లు ఎత్తించాం. స్టిక్కరు నడుమ పగిలింది. కుట్టు పోగులు లేచాయి.

"లోపల గుచ్చుకుంటన్నాది కూడానూ," అంది రేఖ.

మూడోది మాత్రం వేసినట్టే ఉంది.

"అయితే ఇదే నల్లవాటి మీద వెయ్యండి," అన్నారు మాష్టారు.

"నలుపు మీద కనబడదండీ. తెల్ల పాలిస్టరే కావాలి," అంది సింధు.

"తెలుపైతే మురికి కనబడతాది కదమ్మా!"

"మురికి ఉతుక్కుంటారు బాబూ," అన్నాను నేను. "నలుపు మీద మోజుంటే జాకెట్లు నల్లవి తీసుకోండి. వాటికి కుట్టు వేస్తాం. జాకెట్టు తొడుక్కుని ఎవరూ బారు ఎత్తరు కదా."

రేఖ చొక్కా మార్చుకొచ్చి ఇస్తే, ఆయన మూడో గుర్తుని గోటితో గీకారు. మళ్లీ గీకారు. చొక్కా తిప్పి లోపలివైపు చూశారు.

"ఇదేటి, బట్టతోపాటే పుట్టినట్టున్నాది! సరే, ఎప్పటికిస్తావమ్మా?"

"వారంలో ఇచ్చేస్తానండీ," అంది సింధు, నా వైపు చూసి నవ్వుతూ. నేను రేఖ వైపు చూశాను. ఆ పిల్ల అప్పటికే మళ్లీ బారు దగ్గరికి వెళ్లిపోయింది.

బోర లక్ష్మీనరసమ్మ, అరవై ఆరేళ్లు. పుట్టింది రామతీర్థం దగ్గర. ఇప్పుడు ఉంటున్నది ఆమదాలవలసలో, సింధు కొట్టు వెనక గదిలో.