యర్రమ్మ గ్లాసు

యర్రమ్మ పంటికీ కాన్వాయ్‌కీ ఎప్పుడూ పడలేదు. ఆమె ఊరు రంగత్ వెళ్ళే బస్సులన్నిటినీ అడవి గేటు దగ్గర ఆపి గుంపులు గుంపులుగా వదులుతారు. అదే కాన్వాయ్. ఆఖరి గుంపు దాటిపోయిందంటే ఆ రోజుకు ఇంటి దారి లేనట్టే. పోర్ట్ బ్లెయిర్‌లోని పళ్ళ డాక్టరేమో, ఆమెకు హెచ్.ఐ.వి. ఉందని తెలిసిన దగ్గర్నుంచీ "అందరూ అయ్యాక రా" అనేవాడు. మహానుభావుడికి అందరూ అయ్యేసరికి గేటు పడిపోయే వేళయ్యేది. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు. చేసేది లేక యర్రమ్మ ఆ పన్నుతోనే బస్సెక్కేది. నెలల తరబడి గంజి తాగి సగమైపోయింది.

ఈసారి హెచ్.ఐ.వి. మందులిచ్చే సెంటర్లో పనిచేసే సుష్మ పట్టుబట్టింది. రాజ్‌కిరణ్ అని వేరే పళ్ళ డాక్టరుతో మాట్లాడి, అత్తగారిని ఒక్క రాత్రికి పక్కింటివాళ్ళకు అప్పజెప్పించి, ముందురోజే యర్రమ్మను పోర్ట్ బ్లెయిర్ గోల్ ఘర్‌లోని తన ఇంటికి తెచ్చుకుంది. టీ ఇవ్వబోతే యర్రమ్మ సంచిలోంచి స్టీలు గ్లాసు తీసింది.

"ఇందులో పొయ్యమ్మా. పిల్లలున్న ఇల్లు."

"గ్లాసుతో రాదు పిన్నీ. నీకు మాలూమ్ కదా?"

"తెలుసు. అయినా ఇందులోనే పొయ్యి."

తెలియడం వేరు, చేతికి అలవాటైపోవడం వేరు. సుష్మ అందులోనే పోసింది.

పొద్దున్నే ఆసుపత్రిలో మొదటి కుర్చీ యర్రమ్మదే. సుష్మ బస్సు టికెట్టు తేవడానికి వెళ్ళింది. వచ్చిన ప్రతివాళ్ళతోనూ "మీరెల్లండి, నాకేటి తొందర" అంటూ, సుష్మ తిరిగొచ్చేసరికి యర్రమ్మ చిట్టచివరి కుర్చీకి చేరిపోయింది. ఎంత మంచి మనిషో అనుకున్నారు జనం. మంచితనమూ కాదు, పాడూ కాదు. అది భయం.

"ఏటి పిన్నీ ఇది? కాన్వాయ్ టైమవుతోంది."

"నా తరవాత ఆ కుర్చీలో ఇంకొకరు కూకోవాల గదమ్మా."

గుమ్మంలోకి వచ్చిన డాక్టరు ఆ మాట విన్నాడు.

"మీ ముందువాళ్ళకి వాడినవన్నీ శుభ్రం చేసే పెట్టాం. మీ తరవాతా అదే చేస్తాం. అందరికీ అంతే. ఆయియే అమ్మా, రండి."

కుర్చీలో కూర్చున్నాక అతను ఆమె గడ్డం పట్టుకుని ముఖం మెల్లగా తనవైపు తిప్పుకున్నాడు. మొగుడు పోయాక ఆ ముఖాన్ని ఇంకెవరూ ముట్టుకోలేదు. సూది ఇంకా పళ్ళెంలో ఉండగానే ఆమె కళ్ళు నిండిపోయాయి.

"నొప్పిగా ఉందా?"

"లేదు బాబూ."

పన్ను వచ్చేసింది. పుక్కిలించమంటే యర్రమ్మ సంచిలోంచి గ్లాసు తీసింది. డాక్టరు దాన్ని అందుకుని సుష్మ చేతికిచ్చి, అందరికీ ఇచ్చే కాగితం కప్పే ఆమెకూ ఇచ్చాడు. ఆ తర్వాత ఇద్దరూ బస్సు కోసం పరుగు. సుష్మ ఆమెను ఎక్కించి ఇంటికెళ్ళింది.

అడవి గేటు దగ్గర బస్సు ఆగింది. ఆఖరి గుంపు ఇంకా కదలలేదు. గుండె కుదుటపడ్డాక సంచి తడుముకుంటే గ్లాసు లేదు. కంగారుగా సుష్మకు ఫోన్ చేసింది. బుగ్గలో దూది ఉండడంతో మాట ముద్దముద్దగా వచ్చింది.

"గ్లాసు నీకాడే ఉండిపోనాది. పిల్లలకి అందకుండా విడిగా పెట్టమ్మా."

"ఇప్పుడు కుదరదు పిన్నీ. దాంట్లో టీ తాగుతున్నా."

యర్రమ్మ ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. ముందు బస్సులు ఒక్కొక్కటే కదులుతున్నాయి.

"వింటున్నావా? ఈసారొచ్చినప్పుడు మా గ్లాసుతో తాగుదువుగాని."