ఏలియా వినని కూత

నేను ఒక ప్రీయాంప్లిఫయర్‌ని. ఇంట్లో, చేత్తో, వాల్వులతో కట్టినదాన్ని. రికార్డు మీద సూది పట్టుకొచ్చే సన్నటి సంకేతాన్ని అందుకుని, పెంచి, పెద్ద యాంప్లిఫయర్‌కు అప్పగించడం నా పని. నా నెత్తిన రెండు గాజు వాల్వులున్నాయి. కరెంటు ఇస్తే వాటిలో నారింజ రంగు వెలుగు పుడుతుంది. అది చూసి “ఎంత ముద్దుగా ఉందో” అనేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ముద్దు చేయించుకునే స్థితిలో లేను నేను. ఒక మనిషి చెవులు నేను తినేశానని నా మీద నింద వేశారు. తిన్నదెవరో తెలిసి మరీ వేశారు.

నన్ను కట్టినవాడు బత్తుల ఏలియా. గుంటూరు జిల్లాలో, హైవే పక్కనున్న ఒక బట్టల మిల్లులో ఎలక్ట్రీషియన్. పంతొమ్మిదేళ్ళుగా మగ్గాల షెడ్డులోనే డ్యూటీ. ఆ షెడ్డులో నూట ఇరవై మరమగ్గాలు ఒక్కసారే ఆడతాయి. అక్కడ మాటలుండవు. పనివాళ్ళు ఒకరి పెదాలు ఒకరు చూసి, చేతులు తిప్పి, సంగతి చెప్పుకుంటారు. కొత్తలో ఏలియా చెవుల్లో పెట్టుకోవడానికి ఏమైనా ఇమ్మని అడిగితే, సూపర్‌వైజరు నవ్వి, “కింద దూది రాలి ఉంటది, తీసి పెట్టుకో” అన్నాడట. ఆ నవ్వును నేను చూడలేదు గానీ, ఏలియా ఆ మాట చెప్పిన ప్రతిసారీ నా లోపలి ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కేది.

ఏలియా భార్య సలోమి ఇంట్లో బట్టలు కుడుతుంది, ఆదివారాలు చర్చిలో పాడుతుంది. ఆమె చెవి ఎంత పదునైనదంటే, పక్క వరుసలో ఎవరి శ్రుతి వెంట్రుకవాసి జారినా భుజం మీద తడుతుంది. చర్చివాళ్ళు కొత్త సిస్టం కొనుక్కున్నప్పుడు పాత రికార్డు ప్లేయరూ, ఒక అట్టపెట్టె నిండా రికార్డులూ ఈ దంపతులకిచ్చారు. సాయంత్రాలు ఇద్దరూ వింటూ కూర్చునేవారు.

కొన్నాళ్ళకు ఏలియాకు పాటలు మసకబారినట్టు అనిపించాయి. తాళాల గలగల లేదు. పాడేవాళ్ళు ‘స’ అంటున్నారో ‘హ’ అంటున్నారో తెలియడం లేదు. సూది మార్చాడు. స్పీకర్లు మార్చాడు. మసక పోలేదు. చివరికి ఊళ్ళో పాత రేడియో మెకానిక్ హనుమయ్య దగ్గరికి వెళ్ళాడు. కొట్టు మూసేసి పదేళ్ళయినా ఆయన సామాన్లు ఒక్కటీ పారెయ్యలేదు.

“ఈ ట్రాన్సిస్టర్లలో ఏముందయ్యా ఏలియా! వాల్వు సెట్టు మోగిందంటే పాడే మనిషి ఎదురుగా కూర్చున్నట్టుంటది. నువ్వే ఒకటి కట్టుకోరాదూ?” అన్నాడు హనుమయ్య. పాత కాగితంలో చుట్టిన రెండు వాల్వులిచ్చి, క్యాలెండరు వెనక సర్క్యూటు గీసిచ్చాడు. “మొదటిసారి కడతన్నావ్, జాగ్రత్త. లోపల రెండొందల యాభై వోల్టులుంటాయి. స్విచ్చి ఆపినా కాసేపు అక్కడే కూర్చునుంటాయి. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పని చెయ్యి, రెండూ తగిలితే కరెంటు గుండెలోంచి పోద్ది.”

అలా నేను ఆదివారం మధ్యాహ్నాల్లో పుట్టాను. పారేసిన ప్యానెల్ బోర్డు మూత కోసి, ఆ అల్యూమినియం రేకుతో నాకు ఒళ్ళు చేశాడు. సలోమి పాత కుట్టుమిషను బల్ల పగిలితే, ఆ చెక్క నాకు రెండు పక్కలా అమరింది. వాల్వులు కూర్చునే గుంటలు ఆకురాయితో అరగదీసి గుండ్రం చేశాడు. ఒక్కో తీగనూ కొలిచి, వంచి, సోల్డరు చేసి, ఊది, మళ్ళీ లాగి చూసుకునేవాడు. ఏలియా చేతులంత ఓపికైన చేతులు లోకంలో లేవని అప్పట్లో అనుకున్నాను. తర్వాత ఆ చేతులే నన్ను ఎంత హింస పెట్టాయో కూడా చెబుతాను.

మొదటిసారి స్విచ్చి వేసినప్పుడు నాలోంచి పాట రాలేదు, గండుతుమ్మెద రొద వచ్చింది. ఏలియా తల పట్టుకున్నాడు. సలోమి వంగి నా కడుపులోకి చూసింది.

“ఆ రెండు తీగలు అట్టా విడివిడిగా పాకిచ్చావేంది? చక్కగా జడల్లే అల్లరాదూ?”

అవి వాల్వులను వెలిగించే తీగలు. ఆమె అన్నది చూడ్డానికి బాగుంటుందని. తీరా అల్లితే రొద సగం చచ్చింది. ఎర్తు తీగలన్నీ తెచ్చి ఒకే బోల్టుకు బిగిస్తే మిగతా సగమూ పోయింది. మర్నాడు హనుమయ్యకు చెప్పేటప్పుడు మాత్రం, “తీగలు జడల్లినట్టు అల్లితే పోద్దని నాకే తట్టింది” అన్నాడట ఏలియా. మగవాళ్ళు!

ఆ ఆదివారం మొదటి రికార్డు పెట్టారు. సలోమి కత్తెర చేతిలో అలాగే పట్టుకుని నిలబడిపోయింది. “ఆమె ఊపిరి తీసుకోవటం కూడా ఇనపడతంది” అంది. నేను పొంగిపోయాను. ఏలియా వైపు చూస్తే అతని ముఖం వాడిపోయి ఉంది.

“ఏముంది? మసగ్గానే ఉంది.”

ఇక చూడండి. అయిదు ఆదివారాలు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి కోశాడు. బాగున్న కెపాసిటర్లు పీకి వేరేవి పెట్టాడు. రెసిస్టర్లు మార్చాడు, మళ్ళీ మార్చాడు. సన్నటి స్వరాలను పెంచే నా ట్రెబుల్ మీటను చివరిదాకా తిప్పి, అది చాలక లోపల ఇంకా పెంచాడు. నేను కాకిలా అరుస్తున్నాను. సలోమి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

“అబ్బబ్బ! తగ్గించవయ్యా బాబూ! చెవుల్లో సూదులు గుచ్చుతున్నట్టుంది.”

“ఏం సూదులు? గుడ్డ కప్పి పాడిచ్చినట్టుంటే!”

నాకు అతని మీద పీకలదాకా కోపం. నాలో లోపం లేదు. అతను అయిదు వారాలుగా లేని జబ్బుకు నన్ను కోస్తున్నాడు. చివరికి “నాకు చేతకాలేదు, ఇదొక దండగ డబ్బా” అని కటింగు ప్లయరు తీసుకుని నా తీగలు తెంచబోయాడు. సలోమి చెయ్యి పట్టుకుంది.

“ఉండు. అటు తిరిగి కూర్చో.”

అతను విసుగ్గా గోడవైపు తిరిగాడు. ఆమె తన చేతి గడియారం అలారం మోగించి, అతని తల వెనక జానెడు దూరంలో పెట్టింది. కీ, కీ, కీ. నా బల్ల మీదికే స్పష్టంగా వినిపిస్తోంది. ఏలియా కదల్లేదు. “ఏం చేస్తన్నావే?” అన్నాడు గోడతో. సలోమి ముందుకొచ్చి గడియారం చూపించింది.

“ఇది మోగతంది.”

ఏలియా దాన్ని తీసుకుని ముందు కుడిచెవికి, తర్వాత ఎడమచెవికి ఆనించుకున్నాడు. దాని మీద చిన్న ఎర్రదీపం మిణుకుతుంటే దాన్నే చూశాడు.

“మోగట్లా,” అన్నాడు.

“మోగతంది,” అంది సలోమి. అని కింద కూర్చుని ఏడ్చింది.

అప్పుడు నా కోపం అతని మీద నుంచి జారిపోయింది. పోయింది అనుకోకండి. దారి మార్చుకుంది.

గుంటూరులో చెవుల పరీక్ష చేయించారు. ఆ గీతల కాగితం తెచ్చి నా పక్కనే పెట్టారు గనక నేనూ చూశాను. మాట్లాడుకునే మంద్ర స్వరాల దగ్గర గీత బాగానే నడిచింది. సన్నటి స్వరాల దగ్గరికొచ్చేసరికి బావిలో పడ్డట్టు పడిపోయింది. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, “ఎక్కడ పనిచేస్తారు?” రెండో ప్రశ్న, “మిల్లులో ఏటేటా పరీక్ష చెయ్యరా?”

చేస్తారు. ఎలా చేస్తారో వినండి. మిల్లు డాక్టరు టేబులు వెనక కూర్చుని, తలెత్తకుండా, “ఏం ఏలియా, బాగున్నావా?” అంటాడు. “బాగున్నా సార్” అంటాడు ఏలియా. కార్డు మీద ‘చెవులు: సాధారణం’ అని రాసి ముద్ర గుద్దుతాడు. పంతొమ్మిదేళ్ళు, పంతొమ్మిది ముద్రలు. మనిషి మర్యాదకు చెప్పిన జవాబును తీసుకుని అతని చెవులకు సర్టిఫికెట్ రాసిన ఆ చేతిని నేనెప్పటికీ క్షమించను.

ఏలియా ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ఆఫీసులో ఫిర్యాదు పెట్టాడు. షెడ్డులో అతనితో పాటు పనిచేసే షేక్ మస్తాన్, ఇంకా పన్నెండుమంది తమ చెవులూ మొద్దుబారాయని సంతకాలు చేశారు. మిల్లు నుంచి జవాబు వచ్చింది. దాన్ని సలోమి నా ముందే గట్టిగా చదివింది: ‘సదరు కార్మికుడు ఇంటివద్ద స్వయంగా తయారుచేసుకున్న శబ్ద పరికరంతో అతిగా సంగీతం వినుట వలన వినికిడి కోల్పోయి ఉండవచ్చును. మిగిలినవారు అతని ఇంటికి తరచు పోవుచుండెడివారు.’

నేను పుట్టి అప్పటికి నాలుగు నెలలు! ఆ మిగిలినవారిలో నా ముఖం చూసినవాడు మస్తాన్ ఒక్కడే. అదీ ఒకసారి, టీ తాగినంతసేపు. నోరుంటే ఆ కాగితం రాసినవాడి ఇంటి గుమ్మంలో నిలబడి అరిచేదాన్ని. నోరు లేదు. వాల్వులు వేడెక్కడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను.

విచారణకు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు నళిని గారు వచ్చారు. ఆ పరికరాన్ని తీసుకురమ్మని ఆమే కబురు చేసింది. మిల్లు మీటింగు హాల్లో ఒక టేబులు మీద నన్నూ, యాంప్లిఫయర్నూ, ఒక స్పీకర్నూ పెట్టారు. అటుపక్క మేనేజరు, మిల్లు డాక్టరు. ఇటుపక్క పద్నాలుగుమంది కార్మికులు. ఏలియా ఫోనులోంచి బొంగురు నుంచి సన్నం దాకా స్వరాలు నా ద్వారా మోగించి, వినపడితే చెయ్యెత్తండన్నాడు. బొంగురు స్వరానికి అందరూ ఎత్తారు. స్వరం సన్నబడుతున్నకొద్దీ చేతులు తగ్గాయి. చివరికి ఒక్కటీ లేవలేదు.

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. “మేడం, చెయ్యి ఎత్తకపోవడం ఎవరికైనా వస్తుంది. నటిస్తున్నారు.”

ఇన్‌స్పెక్టరు రాసుకోవడం ఆపింది. ఆమె ముఖంలో సందేహం కనిపించింది. కాదని రుజువు చెయ్యడానికి మావాళ్ళ దగ్గర ఏముంది? ఏలియా తల వంచుకున్నాడు. నాకు ఆ నిమిషం ఈ గాజు పగలగొట్టుకోవాలనిపించింది.

టీలొచ్చాయి. మిగతా పదమూడుమందీ గ్లాసులు పట్టుకుని, గొంతులు పెంచి, ఎవరి కబుర్లలో వాళ్ళు పడ్డారు. ఏలియా టీ తీసుకోలేదు. నన్ను సర్దుతున్నట్టుగా వంగి, నా వెనక నుంచి బయటికి వెళ్ళే తీగను పట్టుకుని, లోపలికొచ్చే తీగ పక్కకు మెల్లగా జరిపాడు. ఏ మెకానిక్కూ చెయ్యకూడని పని అది. అలా చేస్తే నా గొంతు నా చెవిలోనే పడి, తిరిగి తిరిగి కూతగా మారుతుంది.

నేను కూశాను.

సన్నగా, పిడిబాకు మొనలా, ఆపకుండా కూశాను. అన్ని నెలల కోపమూ ఆ ఒక్క స్వరంలో పోశాను. ఆ కూత ఏలియాకు వినపడదు. మొదలైందో లేదో తెలుసుకోవడానికి అతను ఎదుటివాళ్ళ ముఖాల వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు పెన్ను వదిలేసి చెవి మూసుకుంది. మేనేజరు మెడ ముడుచుకున్నాడు. మిల్లు డాక్టరు రెండు చేతులూ చెవులకు అదుముకుని లేచి నిలబడ్డాడు.

“ఆపండయ్యా ఆ గోల!”

పదమూడుమందీ టీ తాగుతూనే ఉన్నారు. ఒక్క గ్లాసు తొణకలేదు. ఒక్క తల తిరగలేదు. డాక్టరు నిలబడ్డం చూసి, మస్తాన్ గ్లాసు దించి, కంగారుగా అడిగాడు.

“ఏ గోల సార్?”

నళిని గారు చెవి మీది చెయ్యి తీసేసింది. కూత ఇంకా సాగుతూనే ఉంది. ఆమె ఓర్చుకుని, ఒకరి తర్వాత ఒకరిగా పదమూడు ముఖాలూ చూసింది. తర్వాత డాక్టరు వైపు తిరిగి, “కూర్చోండి. మీకు బాగా వినపడుతోందిగా,” అంది. పెన్ను తీసుకుని రాయడం మొదలుపెట్టింది. అప్పుడు ఏలియా తీగ వెనక్కి లాగాడు.

ఆ తర్వాత షెడ్డులో అందరికీ గుంటూరు పెద్దాసుపత్రిలో పరీక్షలు జరిగాయి. నూట ముప్ఫైమందిలో ఎనభైమందికి పైగా గీత బావిలోనే పడింది. చెవులకు రక్షణ తొడుగులొచ్చాయి. ఆ డాక్టరు వేరేచోటికి మారాడు. అక్కడ ఎవరి కార్డుల మీద ముద్రలు గుద్దుతున్నాడో! ఏలియాను మగ్గాల దగ్గర్నుంచి స్టోర్సుకు వేశారు. పోయిన చెవులు మాత్రం ఏ ఉత్తర్వుతోనూ రావు. పరిహారం కట్టమంటే మిల్లు ఊరుకోలేదు, లేబరు కోర్టుకెక్కింది. అసలు తప్పు నాదేనని నిరూపిస్తామని, నన్ను అక్కడే ఉంచాలని వాళ్ళ వకీలు పట్టుబట్టాడు.

అందుకని నాలుగేళ్ళుగా కోర్టు రికార్డు గదిలో, విరిగిన కుర్చీకీ దుమ్ము కాగితాల కట్టకీ మధ్య ఉన్నాను. నా మెడకో చీటీ కట్టారు: ‘శబ్దము చేయు పెట్టె – ఒకటి’. జడలా అల్లిన తీగలు చిలుము పడుతున్నాయి. ఏలియా ఇంకో ప్రీయాంప్ కట్టాడట. ట్రెబుల్ ఎక్కడ ఆపాలో సలోమి చెబుతుందట, అతను అక్కడ గీత గీసుకుంటాడట. మంచిదే. నా కోపం మాత్రం చల్లారలేదు. చల్లార్చుకోను కూడా.

వాయిదా ఉన్నప్పుడల్లా ఏలియా ఈ గది తలుపు దాకా వస్తాడు. పోయినసారి గుమాస్తా ఫైలులోంచి తలెత్తకుండా, నోట్లో నోట్లోనే తర్వాతి తేదీ చెప్పాడు.

“ఎప్పుడండీ?” అన్నాడు ఏలియా.

గుమాస్తా మళ్ళీ గొణిగాడు. ఏలియా ఇంకా ముందుకు వంగాడు. గుమాస్తాకు విసుగొచ్చి ఫైలు టపీమని మూసి, గట్టిగా అరిచాడు.

“ఎన్నిసార్లు చెప్పాలయ్యా? వినపడదా నీకు?”

“వినపడదండీ,” అన్నాడు ఏలియా. “ఆ సంగతి తేల్చమనే నాలుగేళ్ళుగా తిరుగుతున్నా.”