బ్రూనోను మందలించడానికి వచ్చినవాళ్లు

సుబేదారిలో బట్టల వ్యాపారి వీరభద్రం ఇంటి ముందు టెంట్‌హౌస్ కుర్చీలు చూసి, దారిన పోయేవాళ్లు ఎవరో పోయారనుకున్నారు. ఎవరూ పోలేదు. కుక్కపిల్లకు ఒంట్లో బాగాలేదు, అంతే.

దాని పేరు బ్రూనో. తెచ్చిన రోజే టీకా వేయించమని పశువుల డాక్టరమ్మ భవాని చెప్పింది. వీరభద్రం క్యాలెండరు చూసి, అమావాస్య ముందు పసిప్రాణికి సూది గుచ్చితే మంచిది కాదని ఆగాడు. అమావాస్య పోయింది, మంగళవారం అడ్డం వచ్చింది. రోగం మాత్రం వారం, వర్జ్యం చూసుకోకుండా వచ్చేసింది. బ్రూనో తిండి మానేసి, వాంతులు చేసుకుని, నెత్తురు విరేచనాలతో మూలకు పడింది.

భవాని పరీక్ష చేసి పార్వో వైరస్ అంది. దాన్ని సూటిగా చంపే మందు లేదంది. ఒంట్లో నీళ్లు ఇంకిపోకుండా సెలైన్, వాంతులు ఆగడానికి సూది, వేరే రోగాలు మీద పడకుండా యాంటీబయాటిక్ ఇస్తూ ఉంటే, పిల్లే పోరాడి గట్టెక్కాలట. పొద్దునా సాయంత్రం తనే వచ్చి సెలైన్ పెడతానంది. వాంతులు ఆగేదాకా నోట్లో ఏమీ పెట్టొద్దంది. ఎవరినీ గేటు లోపలికి రానివ్వొద్దని, వైరస్ చెప్పులకు అంటుకుని ఇంకో కుక్క దగ్గరికి పోతుందని మరీమరీ చెప్పింది.

వీరభద్రం అన్నీ విన్నాడు, ఆ చివరి మాట తప్ప. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా వెళ్లి మందలించి, అంటే పలకరించి, రావడం ఊరి మర్యాద. ఇన్నేళ్లూ అందరి దవాఖానలకూ ఆపిల్ పండ్లు మోసినవాడు, తన ఇంటికి జనం వచ్చే రోజు వస్తే వద్దంటాడా?

వచ్చారు. బజారు సంఘం అధ్యక్షుడు సుదర్శన్ కారులో వచ్చి, బ్రూనో తల నిమిరి, చాయ్ తాగి, తన ఇంట్లో జాతి కుక్కపిల్ల ఎంత చురుకైనదో చెప్పి వెళ్లాడు. పక్కింటి ఫకీర్ మహమ్మద్ మాత్రం గోడ అవతలి నుంచే పలకరించాడు.

"నేను రాను భద్రమన్నా. మా బిడ్డ హుమేరా ఓ కుక్కపిల్లను సాకుతాంది. దానికి అంటుకుంటది."

వీరభద్రానికి మనసు కష్టమైంది. అధ్యక్షుడే వచ్చాక, పక్కింటాయనకు నాలుగడుగులు బరువయ్యాయా అని భార్య రాజేశ్వరితో అన్నాడు. రాజేశ్వరి పిల్లను ఒళ్లో పెట్టుకుని సెలైన్ చుక్కల వంక చూస్తోంది.

మర్నాడు హసన్‌పర్తి నుంచి వీరభద్రం అక్క కట్టమ్మ స్టీలు డబ్బాతో దిగింది. మూత తీస్తే పెరుగన్నం.

"ఉత్త కడుపుతోని పండవెడ్తరా? గా నీళ్ల సీసతోని ఆకలి తీరుతదా?" అని కసిరింది.

పెద్దక్కను ఎవరు ఆపుతారు? రాజేశ్వరి డాక్టరమ్మ మాట ఎత్తితే, నలుగురిని పెంచిన చేతికి డాక్టర్లు నేర్పుతారా అని తీసిపడేసి, రెండు ముద్దలు తినిపించింది. కుర్చీల్లోని వాళ్లు ఆ చేతిని మెచ్చుకున్నారు.

వాళ్లు వెళ్లేలోపే బ్రూనో అదంతా కక్కేసి, మెడ వాల్చేసింది. భవాని వచ్చి మళ్లీ సెలైన్ ఎక్కించి, ఇంకోసారి ఇలా అయితే తన చేతిలో లేదని చెప్పి వెళ్లింది.

రాజేశ్వరి ఏడవలేదు. "నీకు మందలిచ్చెటోళ్లు గావాల్నా, ఇది గావాల్నా? ఏదో ఒకటి చెప్పు," అంది.

వీరభద్రం దుకాణం తాళం తెచ్చి గేటుకు వేశాడు. కుర్చీలు పంపేశాడు. గడపంతా బ్లీచింగు నీళ్లతో కడిగాడు. కుక్క కోసం గేటు బిగించుకున్నాడని బజారంతా నవ్వారు. నవ్వనీ అనుకుని పిల్ల పక్కనే కూర్చున్నాడు. వాంతులు ఆగాయి. ఒక పొద్దున బ్రూనో తనంతట తనే లేచి నీళ్లు గతికింది. వీరభద్రం గోడ మీదికి వంగి, ఆ సంగతి మొదట ఫకీర్ మహమ్మద్‌కే చెప్పాడు.

అంతలో కబురొచ్చింది. సుదర్శన్ కుక్కపిల్ల మంచం పట్టింది. నెత్తురు విరేచనాలట.

వీరభద్రం కాళ్లూ చెప్పులూ బ్లీచింగు నీళ్లతో కడుక్కుని, జేబులో అదే తాళం వేసుకుని సుదర్శన్ ఇంటికి వెళ్లాడు. సుదర్శన్ వాకిట్లో కుర్చీలు వేయిస్తున్నాడు.

"లోపలికి రా భద్రం, చాయ్ తాగుదువు."

"రాను అన్నా. నువ్వు మా ఇంటికొచ్చే ఇది తెచ్చుకున్నవు. ఆ కుర్చీలు తీపియ్యి."

అధ్యక్షుడి మొహం మాడిపోయింది. సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో ఆగింది. దిగింది కట్టమ్మ; కబురు ఆమెకూ అందింది. చేతిలో అదే స్టీలు డబ్బా.

వీరభద్రం బయటి నుంచే గేటు లాగి, తాళం వేసి, తాళంచెవి లోపలున్న సుదర్శన్‌కు విసిరేశాడు.

"ఏందిరా తమ్మీ, నాకే గేటు ఏస్తానవా?"

"నీకు కాదక్కా. నీ డబ్బకు."

కట్టమ్మ డబ్బా మూత మీద చెయ్యి వేసుకుంది. తెల్లారి లేచి వండుకొచ్చింది పాపం. వీరభద్రం ఆమె చేతిలోంచి డబ్బా తీసుకుని, అక్కడే గేటు ముందు అరుగు మీద కూర్చుని, పెరుగన్నమంతా తనే తిన్నాడు. తింటున్నంతసేపూ సుదర్శన్ ఊచల్లోంచి చూస్తూ నిలబడ్డాడు. ఆఖరి ముద్ద అయ్యాక, వెనక్కి తిరిగి కుర్చీలు ఎత్తమని పనివాళ్లకు చెప్పాడు.