పోపుల పెట్టెలో మాత్రలు

మా ఇంట్లో పోపుల పెట్టె రెండేళ్లుగా పోపు ముఖం చూడలేదు. ఆవాలూ జీలకర్రా సీసాల్లోకి మారాయి. ఆ ఏడు గిన్నెల్లో ఇప్పుడు మా ఆయన నాగేంద్ర రెడ్డి ప్రాణం ఉంది. బీపీకి రెండు రకాలు, రక్తం గడ్డకట్టకుండా రెండు, కొవ్వుకొకటి, షుగరుకొకటి, పరగడుపున మింగడానికి గ్యాసు మాత్ర ఒకటి. ఏది పొద్దున, ఏది మధ్యాహ్నం, ఏది మాపు అన్నది నాకు కంఠతా వచ్చు. చదివింది ఏడో తరగతే అయినా ఈ పరీక్ష నేనెప్పుడూ తప్పలేదు.

పక్షవాతం వచ్చి ఆయన కుడి చెయ్యి పడిపోయింది. ఎడమ చేత్తో మాత్ర మీది వెండి కాగితం చింపుకోలేడు. నేనే చింపి అరచేతిలో పెడతాను, నీళ్లందిస్తాను. చూసినవాళ్లు స్వర్ణలత మొగుణ్ణి కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటోందని మెచ్చుకుంటారు. మెచ్చుకోనీ. నేను కాచుకుని ఉన్నది దేనికో వాళ్లకు తెలియదు.

ముప్పై రెండేళ్ల కిందట నాకు ఆరో నెల. జమ్మలమడుగు సర్కారు ఆసుపత్రిలో చూసి, బీపీ ఎక్కువుంది, బిడ్డకు ప్రమాదమని మాత్రలిచ్చారు. కాగితంలో పొట్లం కట్టి ఊరికే ఇచ్చారు. ఆ ఊరికే ఇవ్వడమే మా ఆయనకు నామోషీ అయింది.

"రెడ్లింటి కోడలు సర్కారు బిళ్లలు మింగుతాదంట. నలుగురికీ తెలిస్తే నా మొగం యాడ పెట్టుకోవాల?" అని పొట్లం లాక్కుని వాకిట్లో మురుగు పారే మోరీలో పారేశాడు.

కాళ్లు పట్టుకుని అడిగాను. ప్రొద్దుటూరు నుంచి కంపెనీ మాత్రలు తెస్తానన్నాడు. నన్ను మళ్లీ ఆసుపత్రి గడప తొక్కనివ్వలేదు. అవి పంచాయతీ ఎన్నికల రోజులు. జీపుల్లో తిరుగుతూ మరిచిపోయాడు. నేను రోజూ గుర్తు చేశాను, ఆయన రోజూ రేపన్నాడు. ఎనిమిదో నెలలో ఆడబిడ్డ చచ్చి పుట్టింది. ఆ తర్వాత నా కడుపు పండలేదు. ఆయన ఆ మాట మళ్లీ ఎత్తనూ లేదు.

రెండేళ్ల కిందట ఆయన్ను ప్రొద్దుటూరు పెద్దాసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాక, ఒకరోజు మందుల చీటీ పట్టుకుని జమ్మలమడుగులో సర్కారు కొత్తగా పెట్టిన జనరిక్ మందుల షాపుకు పోయాను. అక్కడ సాజియా అనే అమ్మాయి మందులిస్తుంది. నా చేతిలోని ఖాళీ స్ట్రిప్పు తిప్పి, పెద్ద అక్షరాల కిందున్న చిన్న అక్షరాలు చూపించింది.

"పెద్దగుండేది కంపెనీవాళ్లు పెట్టుకున్న పేరు పెద్దమ్మా. లోపలుండే మందు పేరు ఈ చిన్నగుండేది. మా దాంట్లో గూడ అదే మందు, అంతే పవరు."

"సర్కారు ఆసుపత్రిలో ఇచ్చేది?"

"బీపీకైతే అదీ ఇదే మందు. కాకుంటే ఇంట్లో మిగిలిన పాతవీ ఇవీ కలిపి మింగిచ్చొద్దు, డోసు రెండింతలైతాది. ఒక్క పూట గూడ మానిపిచ్చొద్దు. మార్చేముందు డాక్టరుకు చెప్పు."

డాక్టరుకు చెప్పాను. మొగుడికి మాత్రం చెప్పలేదు. ఆ రోజు ఇంటికొస్తూ బస్సులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మోరీలో పారేసినదాన్నే ఈయన చేత మూడు పూటలా మింగించే అదృష్టం నాకు పట్టింది.

స్ట్రిప్పులను కత్తెరతో ఒక్కో మాత్రకూ కత్తిరించి, పేరు కనబడకుండా పోపుల పెట్టెలో వేసేదాన్ని. కంపెనీ మందుల ఖాళీ డబ్బాలు మాత్రం ఆయన మంచం పక్క బల్ల మీద అలాగే ఉంచాను. వచ్చినవాళ్లందరికీ ఆయన ఆ డబ్బాలు చూపించి, వీటివల్లే బతికానని చెప్పేవాడు. ఒకసారి గులాబీ రంగు మాత్ర తెల్లగా వచ్చింది.

"ఇదేంది మే, రంగు మారింది?"

"కంపెనీవాళ్లు మార్చినారంట."

"పెద్ద కంపెనీలు అట్లనే కొత్తకొత్తగా చేస్తాంటాయిలే," అని గుటుక్కున మింగాడు.

నెలనెలా బీపీ చూపించాను. ఎప్పుడు చూసినా బాగానే ఉంది. నేను చెప్పకముందే చచ్చిపోతే నా పగ ఎవరి మీద తీర్చుకోను?

మా చేను గుత్తకు చేసే యాకోబుకు కూడా బీపీ పట్టుకుంది. ఒకరోజు సర్కారు మాత్రలు చొక్కా జేబులో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మా ఆయన కంట్లో పడ్డాయి.

"ఏందప్పా యాకోబూ, ఆ బిళ్లలు తింటాండావా? ఉత్త సున్నమప్పా అది. వాటిని నమ్ముకుంటే పాడె ఎక్కుతావు. నేను తినేవి చూడు," అని తన డబ్బాలు చూపించాడు. యాకోబు తలూపి వెళ్లిపోయాడు.

పదిరోజులకు యాకోబు భార్య మేరీ పరుగున వచ్చింది. ఆ పొద్దే మా ఆడబిడ్డ మొగుడు నారాయణ అన్న పులివెందుల నుంచి మా ఆయన్ను చూడ్డానికి వచ్చి కూర్చున్నాడు. డబ్బాల ప్రదర్శన నడుస్తోంది.

"అమ్మా, ఆయప్ప చేనుకాడ కళ్లు తిరిగి పడినాడు. ఆసుపత్రిలో ఉండాడు. బిళ్లలు మింగుమంటే మింగడు. రెడ్డి వద్దన్యాడంటాడు. నువ్వన్నా చెప్పుమ్మా," అంది మేరీ.

"నేనప్పుడే చెప్పినా గదా, వాటితో కాదని," అన్నాడు మా ఆయన, తీరిగ్గా.

నా రక్తం మరిగింది. ఊరందరినీ పిలిచి చెప్పాలని ఇన్నాళ్లూ ఆగాను. ఇక ఒక్క నిమిషం ఆగలేకపోయాను. వంటింట్లోంచి పోపుల పెట్టె తెచ్చి మంచం మీద పెట్టాను. ఇంకా కత్తిరించని స్ట్రిప్పులు నారాయణ అన్న చేతికిచ్చి చదవమన్నాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇవి జనరిక్ మందులు గదమ్మా."

"అవునన్నా. రెండేళ్లుగా మీ బావమరిది మింగుతాండేది ఇవే. ఆ డబ్బాలన్నీ ఖాళీవి. యాకోబు జేబులో ఉండే బీపీ మందే ఈ గిన్నెలో ఉంది. మేరీ, నువ్వు పోయి యాకోబుకు చెప్పు. రెడ్డిని బతికించిందీ అదేనని చెప్పు."

మేరీ నా వంకా మా ఆయన వంకా చూసి, వచ్చినంత వేగంగా వెళ్లిపోయింది. నారాయణ అన్న మీసాల చాటున నవ్వాడు. ఆ నవ్వు మా ఆయనకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఎడమ చేత్తో పెట్టెను విసిరికొట్టాడు. మాత్రలు ఇల్లంతా చెదిరాయి.

"నేను తినను. సచ్చినా తినను."

"తినకు," అన్నాను. ఒక్కొక్కటే ఏరి, ఏ గిన్నెలోవి ఆ గిన్నెలో వేసి, పెట్టెను ఆయన చేతికి అందేలా బల్ల మీద పెట్టాను.

ఆ రోజంతా అన్నం పెట్టాను, మంచినీళ్లిచ్చాను. మాత్ర మాట ఎత్తలేదు. ఒక్క పూట కూడా మానిపించొద్దన్న సాజియా మాట చెవిలో మోగుతూనే ఉంది. మోగనిచ్చాను. అబద్ధమెందుకు, నాకు జాలి కలగలేదు. చస్తే చావనీ అని కూడా అనుకున్నాను. మరునాడు పొద్దున పక్క దులుపుతుంటే దిండు కింద ఒక మాత్ర దొరికింది. వెండి కాగితం మీద పంటి గాట్లున్నాయి. కాగితం మాత్రం చిరగలేదు. దాన్ని చేతిలో పట్టుకుని ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"తల దిమ్ముగా ఉంది మే. ఆ మాత్ర ఇయ్యి," అన్నాడు.

"ఏ మాత్ర?"

"అదే, నువ్వు తెచ్చిండేది."

"దానికి పేరుంది. నువ్వే పెట్టినావు."

గోడకేసి చూశాడు. "సర్కారు బిళ్ల."

"అట్లాంటివే ఒకనాడు నా చేతిలోంచి లాక్కున్నావు. యాడ పారేసినావు?"

"మోరీలో."

"ఇంకేం పారేసినావు అందులో?"

నేను కదల్లేదు.

"బిడ్డను," అన్నాడు.

ముప్పై రెండేళ్లలో ఆ ఇంట్లో ఆ మాట వినబడటం అదే మొదటిసారి. కాగితం చింపి మాత్ర ఆయన అరచేతిలో పెట్టాను. నీళ్లిచ్చాను. ముందురోజువి కలపకుండా ఆ పూటవి మాత్రమే ఇచ్చాను. అన్నీ మింగాడు.

"మధ్యాహ్నానికి మళ్లీ అడగాల," అన్నాను. "ఇప్పుడు చెప్పినట్లే, అంతా చెప్పి అడగాల."

పోపుల పెట్టెకు మూత పెట్టి వంటింట్లోకి తీసుకుపోయాను. ఆయన ఇంకా చాలా ఏళ్లు బతకాలి.