కాన్పుల పుస్తకం ఎవరిది?

పొద్దున్నే అచ్చాఫీసు తలుపు తీసి, దండెం మీద ఆరేసిన కాగితాలు ఎటు తిరిగాయో చూసుకోవడం యజమానికి అలవాటు. ఆ ఊళ్ళో ఏ రాతైనా, రాసినవాళ్ళు దగ్గరికొస్తే వాళ్ళవైపు తిరుగుతుంది. గాలికి ఆకు ఊగినంత మామూలు సంగతి. ముద్రాపకుల సంఘం మాత్రం దాన్ని లెక్కచెయ్యదు. సంఘం రిజిస్టర్లో ముందు ఎవరు పేరు రాయించుకుంటే పుస్తకం వాళ్ళదే.

యజమాని అలా రాయించుకున్నదే ఈ కాన్పుల పుస్తకం. పోయిన అన్న పెట్టెలో దొరికితే, ఆయనే రాశాడనుకున్నాడు. కాగితం కలిసొస్తుందని చివరి అధ్యాయం ఎత్తేశాడు. నెల తిరక్కుండా పక్కవీధి ముద్రాపకుడు అదే పుస్తకాన్ని ఆ అధ్యాయంతో సహా వేసేశాడు.

ఆ కాగితాలు అందించి ఉంటాడని అనుమానం అచ్చు పేర్చే కంపోజిటర్ మీదికి పోయింది. అతను దగ్గితే సైగలా వినిపించింది. ఒకరోజు అతని అన్నం గిన్నె మూత కూడా తీయించాడు.

"ఏం వెతుకుతున్నారు సార్?"

"ఏం లేదులే. పని చూడు."

అంతలో దండెం మీది కాన్పుల పుస్తకం కాగితాలన్నీ రెపరెపలాడుతూ పెరటి గుమ్మంవైపు తిరిగాయి. అక్కడ వదిన నిలబడి ఉంది. అన్న పోయాక ఆవిడ ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు.

"రాసింది నువ్వా?"

"మరి, ముప్పై ఏళ్ళు కాన్పులు చేసింది మీ అన్నా?"

"పక్కవీధి వాడికిచ్చింది?"

"నేనే, మళ్ళీ రాసి. ఆ కంపోజిటర్నొదిలెయ్. బిడ్డ అడ్డం తిరిగితే ఏం చెయ్యాలో ఆ అధ్యాయంలోనే ఉంది. అది లేని పుస్తకాన్ని నమ్ముకుని ఒక తల్లి పోయింది. కబురంపి మొత్తుకుంటే, నీకేం తెలుసన్నావు."

"కాగితం నాది, సిరా నాది, అచ్చు నాది వదినా!"

"మాటలో?"

అతను పంతంకొద్దీ సంఘానికెక్కాడు.

సంఘం పెద్దాయన రిజిస్టర్ తిరగేశాడు. "నీ పేరే ఉంది. నీదేనని ప్రమాణం చెయ్యి, అవతలివాడి ప్రతులన్నీ తగలబెట్టిస్తాం."

యజమాని తన ప్రతి మీద చెయ్యి పెట్టాడు. పుస్తకం ఆ చేతికిందే మెల్లగా జరిగి, వెనక నించున్న వదినవైపు తిరిగింది. అదిమిపట్టాడు. ఆగలేదు. ఆ చేత్తోనే బల్ల మీదున్న అవతలివాడి ప్రతి తీసి, తను ఎత్తేసిన అధ్యాయం నిలబడే చదివాడు.

"నాది కాదు. నా పేరు కొట్టేయండి."

"మరి ఎవరిపేర రాయను?"

"ఆవిణ్ణడగండి."

పెద్దాయన కలం సిరాలో ముంచాడు. "పేరు చెప్పమ్మా."

వదిన ఆయన్నీ, కలాన్నీ, మరిదినీ మార్చి మార్చి చూసింది.

"ఎవరు అచ్చేసినా చివరి అధ్యాయం తియ్యకూడదని ముందు రాయండి. చదివి వినిపించండి. పేరు ఆ తర్వాత చెప్తాను."