చుక్క పెట్టిన నట్టు

ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం ఆయనది. రోజుకు ఎనభై ఇళ్లు, తిరుగుడంతా మోటారు సైకిల్ మీదే. ఇరవై రెండేళ్లలో ఆ బండిని ఒక్కసారి కూడా మెకానిక్ చేతికి ఇవ్వలేదు. ఆఫీసులో పిసినారి అనుకునేవాళ్లు. అది కాదు. వేరేవాడు బిగించిన నట్ల మీద కూర్చుంటే ఆయనకు వీపు స్థిమితంగా ఉండేది కాదు.

అదే ఆఫీసులో పనిచేసే బావమరిదిది ఇంకో పద్ధతి. బండి కాస్త దగ్గిందంటే వీధి చివరి మెకానిక్‌కు అప్పగించి, ఎదురుగా టీ తాగుతూ కూర్చునేవాడు.

"పెట్రోలు ఎక్కడ పోయాలో తెలుసు బావా, నాకంతవరకు చాలు. ఇంతకీ మా అక్క కాపురానికొచ్చింది నీకా, నీ బండికా?"

ఆ మాటకు కారణం ఉంది. నెలకో ఆదివారం ఆయన వరండాలో చాప పరుచుకుని బండి విప్పేవాడు. ఎడమ పక్కన స్టూలు మీద భార్య గోళ్ల రంగు సీసా పట్టుకుని కూర్చునేది. ఆయన నట్టు బిగించి "అయింది" అనగానే ఆమె దాని మీద ఒక చుక్క పెట్టేది. సగం నట్టు మీద, సగం బోల్టు మీద పడాలి. నట్టు వదులైతే చుక్క పగులుతుంది, చూడగానే తెలుస్తుంది. ఆయన అయింది అనందే ఆమె సీసా మూత తీసేది కాదు. గొణిగితే ఒప్పుకునేది కాదు.

"నోట్లో మేకులున్నాయా? సరిగ్గా చెప్పు."

"అయింది తల్లీ, అయింది."

నిరుడు మూడు రోజుల జ్వరంతో ఆమె పోయింది.

ఆ తర్వాత రెండు పనులూ ఆయనే చేసుకున్నాడు. సీసాలో అంగుళం రంగు మిగిలింది. మూత తీసినప్పుడల్లా ఇంకాస్త చిక్కబడేది. ఆ రంగు ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. ఆయన అడగలేదు.

పోయిన నెల వెనక బ్రేకు షూలు అరిగాయి. చక్రం ఊడదీసి కొత్తవి వేశాడు. చక్రాన్ని మళ్లీ ఎక్కించి, ఎనిమిది నట్లూ ముందు చేత్తో తిప్పి పెట్టాడు. ఎనిమిదిసార్లు మూత తీస్తే రంగు ఎండిపోతుందని, అన్నింటికీ ఒకేసారి చుక్కలు పెట్టేసి మూత బిగించాడు. తర్వాత పానా తీసుకుని ఒక్కొక్కటే బిగించుకుంటూ వచ్చాడు. నట్టు తిరిగి చుక్క పగిలిన చోట వేలితో అదిమి సరిచేశాడు. ఏడోది అయ్యాక కూతురు అన్నానికి పిలిచింది. చేతులు కడుక్కుని తిని వచ్చాడు. వంగి చూశాడు. అన్నింటికీ చుక్కలున్నాయి. ఇరవై రెండేళ్లుగా చుక్క ఉందంటే బిగించినట్టే. సామాన్లు సర్దేశాడు.

నాలుగో రోజు పొద్దున కూతురికి బస్సు తప్పింది. ఆమె ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే పని చేస్తుంది. ఆయనకు ఆ రోజు సెలవు. ఆమె ఆయన బండి తీసుకుని వెళ్లింది. సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కగానే వెనక చక్రం పట్టేసి పడిపోయింది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఎముక అతుక్కుంటుందని, సూది పట్టుకునేంత నిలకడ వస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనని డాక్టరు అన్నాడు.

"ఇసక మీద జారింది నాన్నా," అంది ఆమె మంచం మీంచి.

బావమరిది బండిని ట్రాలీ ఆటోలో తెచ్చి వరండాలో దింపాడు. భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఆయన చాప పరవకుండానే నేల మీద కూర్చున్నాడు. వెనక బ్రేకు ప్లేటు తిరగకుండా పట్టుకునే ఇనుప పట్టీ ఒకటుంటుంది. అది ఊడి వేలాడుతోంది. నట్టు లేదు. బోల్టు మీద సగం చుక్క మిగిలింది. బిగిసిన నట్టయితే ఆ రంగు బోల్టు మరల మీద కాస్త లోపలికి ఉండాలి. ఇది కొసన ఉంది. ఆయన అక్కడ గోటితో గీరి చూసుకున్నాడు.

మూడో రోజు కూతుర్ని ఇంటికి తెచ్చారు. సాయంత్రం ఆమెకు అన్నం కలిపి, చెంచా ఎడమ చేతికి ఇచ్చి, ఎదురుగా కూర్చున్నాడు.

"ఇసక కాదమ్మా. నేను ఒక నట్టు బిగించలేదు."

ఆమె చెంచా పళ్లెంలో పెట్టింది.

"తెలుసు. పడ్డప్పుడు ఆ పట్టీ నా మొహం ముందే వేలాడుతోంది."

"మరి ఇసకన్నావేం?"

"చెప్తే ఇక బండి ముట్టుకోవు. అమ్మ పోయాక నువ్వు స్థిమితంగా కూర్చునేది ఆ వరండాలో ఒక్కచోటేగా."

ఆయన చెంచా తీసి మళ్లీ ఆమె చేతికిచ్చాడు. అది అందుకుంటూ ఆమె అంది. "చేయి బాగయ్యాక నేను మళ్లీ ఆ బండే ఎక్కాలి నాన్నా. నాకింకో బండి లేదు."

మర్నాడు ఆయన బండిని తోసుకుంటూ వీధి చివరికి వెళ్లాడు. మెకానిక్‌ది ఒక్క గది షెడ్డు. గోడకు పానాలు వరసగా వేలాడుతున్నాయి.

"దారి తప్పొచ్చారా సార్? రోజూ నా షెడ్డు ముందు నుంచే వెళ్తారు, తల కూడా తిప్పరు."

"అమ్మాయి పడింది."

మెకానిక్ మొహంలో నవ్వు పోయింది. బండి స్టాండు వేసి, చుట్టూ తిరిగి చూశాడు. చుక్కల దగ్గర ఆగాడు.

"ఇవెవరు పెట్టారు?"

"మా ఆవిడ. ఈమధ్య నేను."

"ఏవి ఆవిడవి, ఏవి మీవి?"

ఆయన చుక్కల మీద వేలు పెట్టి చూశాడు. ఇంజను దగ్గరవి ఆమెవని తెలుసు, వాటి జోలికి తను వెళ్లలేదు. మిగతావి అన్నీ కలిసిపోయాయి.

"నేను చుక్కల్ని నమ్మను సార్. మొత్తం విప్పి నా చేత్తో బిగిస్తా. రంగు ఊడిపోద్ది మరి. మీకిష్టమైతేనే."

"విప్పు."

మెకానిక్ తెచ్చి ఎడమ పక్కన వేసిన స్టూలు మీద ఆయన కూర్చోలేదు. వెనక చక్రం నుంచి మొదలైంది. పానా తిరిగిన చోటల్లా ఎర్ర పెచ్చులు రాలి నూనె మరకల మీద పడ్డాయి. కొన్నింటి కింద పాత రంగులు బయటపడ్డాయి. ముదురు ఎరుపు కింద గులాబీ, దాని కింద కూతురు బళ్లో వేషం వేసిన ఏడాది కొన్న వెండి రంగు. చివరికి మెకానిక్ ఇంజను కింది బోల్టుకు పానా తగిలించి బలంగా లాగాడు.

"ఇది రాయిలా ఉంది సార్. ఏళ్ల తరబడి కదిలినట్టు లేదు. చుక్క కూడా చెక్కు చెదరలేదు. దీన్ని వదిలేయొచ్చు."

ఆయన వంగి చూశాడు. చుక్క గుండ్రంగా ఉంది, సగం నట్టు మీద, సగం బోల్టు మీద. ఆ చుక్క పెట్టిన రోజు ఆయన "అయింది" అని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. వీధిలో ఏదో లారీ వెళ్తుంటే ఆమెకు వినపడలేదు.

"సార్?"

"అదీ విప్పు. అమ్మాయి ఎక్కే బండి."

మెకానిక్ రెండు చేతులతో పానా పట్టుకున్నాడు. బోల్టు ఒక్కసారి కిర్రుమని తిరిగింది. చుక్క రెండు ముక్కలై రాలింది. దాన్ని పూర్తిగా విప్పి, తుడిచి, నూనె రాసి మళ్లీ బిగించాడు.

"అయింది," అన్నాడు మెకానిక్.

ఆయన ఎడమ పక్కకు తిరిగాడు. స్టూలు ఖాళీగా ఉంది. చొక్కా జేబులో రంగు సీసా చేతికి తగిలింది. తీయలేదు.