తనంతట తానే

"మూడు దినాలకు ఏమైతది అత్తమ్మా? కోట్‌పల్లిల మీ చెల్లె ఎన్నిసార్లు పిలిచింది. పోయి రారాదు."

"పిలిచినప్పుడు పోనిస్తివా? పిల్లలను ఎవరు చూస్తరంటివి. ఇప్పుడు ఎవరు పిలవకున్నా పో పో అంటున్నవు."

ఆదివారం చర్చి నుంచి వచ్చినప్పుడు మొదలైన ఈ మాటలు సోమవారం పొద్దున చాయ్ దగ్గరికి కూడా వచ్చి కూర్చున్నాయి. రాహేలమ్మ సాసర్లో పోసుకున్న చాయ్‌ని అవసరానికి మించి ఊదుతోంది. ఆమె కోడలు రెబెక్క గోడకు రంగుల చార్టు అతికిస్తూ, అత్త వైపు చూడకుండా మాట్లాడుతోంది. ఎదురుగా చూస్తే తన మాట నెగ్గదని ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమెకు తెలిసి వచ్చింది.

"నా పేరు నీ కాయితాలల్ల ఉన్నదా లేదా?" అని అడిగింది రాహేలమ్మ.

"ఉన్నది. సహాయకురాలు అని రాసిన."

"సహాయం చేసేదాన్ని కోట్‌పల్లిల దాచిపెడితె నీకు సహాయం యాడికెళ్లి వస్తది?"

మంచం మీద కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్న రాహేలమ్మ కొడుకు యాకోబు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. అది దగ్గు కాదని ఇద్దరు ఆడవాళ్లకూ తెలుసు.

రెబెక్క తాండూరులో తమ ఇంటి ముందు గదులు రెండింటిలో పదకొండేళ్లుగా చిన్నపిల్లల బడి నడుపుతోంది. మూడేళ్ల నుంచి ఐదేళ్ల దాకా పిల్లలు వస్తారు. కిందటి జూన్‌లో పక్క రోడ్డున బస్సు ఉన్న బడి ఒకటి తెరిచారు. అప్పటిదాకా ముప్పై మంది ఉన్న పిల్లలు పదిహేడు మందయ్యారు. ఇంకో నలుగురైదుగురు పోతే బడికి తాళం వేయాల్సిందే. హైదరాబాదులో ఒక సంస్థ ఇలాంటి చిన్న బడులను పరిశీలించి మూడేళ్లు చెల్లే గుర్తింపు పత్రం ఇస్తుందని ఎవరో చెబితే, అదే దారి అనుకుని పేరు నమోదు చేసుకుంది. ఆ పత్రం గోడ మీద ఉంటే తల్లిదండ్రులు నిలుస్తారని ఆమె ఆశ. యాకోబుకు అంతకంటే ఎక్కువ ఆశ. అతను రాళ్లకు పాలిష్ పట్టే యూనిట్లో పనిచేస్తాడు. ఒక రోజు మెషిన్ ఖాళీగా కనబడేసరికి, మంచి నాపరాయి బండ మీద 'గుర్తింపు పొందిన రెబెక్క బాలవిహార్' అని చెక్కించుకొచ్చాడు. ఇంకా రాని గుర్తింపు గోనెసంచి కప్పుకుని మంచం వెనక ఒరిగి ఉంది.

సంస్థవాళ్లు రెండు రకాల పుస్తకాలు పంపారు. ఒకటి ప్రతి పిల్లవాడికీ విడిగా రాయాల్సింది. అందులో నలభై విషయాలు. డబ్బా మూత తీసుకుంటాడా, అడిగినన్ని వస్తువులు లెక్కపెట్టి ఇస్తాడా, తన వంతు వచ్చేదాకా ఆగుతాడా, ఇలాంటివి. ఒక్కోదానికి మూడు గడులు: ఇంకా లేదు, ఎవరైనా సాయం చేస్తే, తనంతట తానే. రెండోది వారం వారం ఏం నేర్పాలో రాసుకునే పాఠాల పుస్తకం. మొదటిది చూసి రెండోది రాయాలని వాటి అట్టల మీదే ఉంది.

రెబెక్క అట్టలు చదవలేదు. రెండు ఆదివారాలు కూర్చుని పదిహేడు పుస్తకాలూ పూర్తి చేసింది. అందరికీ అన్నిట్లో మూడో గడే. తన పిల్లల్లో ఎవరికి తక్కువ వేయమన్నా ఆమెకు చెయ్యాడదు. ఆ వివరాలనే చీటీల మీద రాసి తల్లిదండ్రులకు కూడా పంపింది. అందరూ సంతోషించారు. వచ్చే సోమవారం కాగితాలు హైదరాబాదు పంపాలి. ఈలోగా మంగళవారం సంస్థ తరఫున ఒకామె వికారాబాదు నుంచి ఒకసారి చూడటానికి వస్తోంది. ఇక్కడే చిక్కు వచ్చింది. ఆ బడిలో పిల్లలు తమంతట తామే చేసే పనుల్లో సగం రాహేలమ్మ చేతులతోనే జరుగుతాయి.

రాహేలమ్మ కోట్‌పల్లి పోలేదు.

మంగళవారం పదిన్నరకు ప్యాసింజర్ రైలు దిగి వచ్చిన దేవికను చూసి రెబెక్కకు ధైర్యం వచ్చింది. కళ్లద్దాల పెద్దమనిషి వస్తుందనుకుంటే, తన కూతురికంటే నాలుగైదేళ్లు పెద్దదేమో, భుజానికి సంచీ వేసుకున్న అమ్మాయి వచ్చింది. పెద్ద కుర్చీ వేస్తే వద్దని పిల్లల కుర్చీలోనే మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని, పాఠాల పుస్తకం తెరిచింది.

"ఈ వారం పాఠం మంచు మనిషి అని ఉంది మేడం."

ఆ పాఠాలు రెబెక్క కూతురు దీవెన ఫోన్లో దించి పంపినవి. ఆ అమ్మాయి వికారాబాదులో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉంటుంది. తల్లి అడగగానే ఏ దేశం బడివో యాభై రెండు వారాల పాఠాలు ఒక్క పూటలో పంపింది. మూలన దూదితో చేసిన మంచు మనిషి నిలబడి ఉన్నాడు. అతని క్యారెట్ ముక్కును పొద్దున్నే వంశీ తినేశాడు.

"మంచు ఎక్కడ పడుతుంది?" అని దేవిక పిల్లలను అడిగింది.

"ఫ్రిజ్‌ల" అన్నాడు వంశీ. "మా ఇంట్ల పడదు టీచర్. మా ఫ్రిజ్ ఖరాబైంది."

రెబెక్క తొందరగా రంగుల చార్టు వైపు చూపించింది. పిల్లలు ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు. దేవిక మెచ్చుకుని, సంచీలోంచి ఆకుపచ్చ అట్టముక్క తీసి చూపించింది. గొంతులు కలిసి "ఎరుపు" అన్నాయి. తర్వాత ఎర్రది చూపిస్తే "పసుపు" అన్నాయి. ఏది చూపించినా వరుస మాత్రం తప్పలేదు.

తర్వాత అన్నం బెల్లు కొట్టారు. రాహేలమ్మ వాకిట్లో బండ మీద కూర్చుంది. ఇవాళ దేన్నీ ముట్టుకోవద్దని కోడలు చెప్పింది కాబట్టి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. పిల్లలు అలవాటుగా డబ్బాలు తెచ్చి ఆమె ముందు వరుసగా పెట్టి నిలబడ్డారు. ఏమీ జరగలేదు. నాలుగేళ్ల అశ్విని కాసేపు చూసింది. అవ్వ చెయ్యి ఎక్కడో పోయిందనుకుందో ఏమో, వంగి వెతికి, తొడ కింది నుంచి బయటికి లాగి తన డబ్బా మూత మీద పెట్టింది.

రాహేలమ్మ కోడలి వైపు చూసింది. గుమ్మంలో నిలబడ్డ రెబెక్క గదిలోని ఫ్యాను వైపు చూసింది.

"కాయితం సంగతి తర్వాత చూసుకుందురు. పిల్ల ఆకలి మీదున్నది" అని రాహేలమ్మ మూత తీసింది. వెంటనే మిగతా పదహారు డబ్బాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ముందుకు వచ్చాయి.

దేవిక నవ్వుతూ వచ్చి పక్కన కూర్చుంది. "అవ్వా, ఈ పాపకు మూత ఎందుకు వస్తలేదు?"

"బొటనవేలితోటి లేపుతది. వేలు జారుతది. సంచి జిప్పు మాత్రం మంచిగ గుంజుతది. చెయ్యిల బలం ఉన్నది, పట్టు లేదు."

"మరి వంశీ?"

"వాడా? యాభై దాక లెక్క చెప్తడు, ఆపితె తప్ప ఆగడు. మూడు కందిగింజలు ఇయ్యిరా అంటె గుప్పెడు పోస్తడు. నోటికి వచ్చింది, చేతికి రాలె."

దేవిక పిల్లల పుస్తకాలు రెండు తెరిచి చూసి మూసింది. రెబెక్కను లోపలి గదికి తీసుకుపోయి నెమ్మదిగా చెప్పింది. "మేడం, ఇందుల చూస్తె అందరికి అన్నీ వచ్చినయి. ఇంక వీళ్లకు మీరు నేర్పేటిదే లేదు. బడి ఎందుకు మరి? నడిమి గడి అంటె తప్పు కాదు. వచ్చే వారం పాఠం దాంట్లకెళ్లే వస్తది."

"ఇవి పంపితె గుర్తింపు రాదంటవా?"

"రావచ్చు గూడ. కాయితాలు అందినంక హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు ఒక పూట ఉంటరు, ఇద్దరు ముగ్గురు పిల్లలను చూస్తరు. నేను ఆపేదాన్ని కాదు. లేదంటె మళ్లా ఆరు నెలలకు ఇంకో విడత ఉన్నది. మీ ఇష్టం."

ఆరు నెలలంటే జూన్ దాటిపోతుంది. జూన్‌లోనే పిల్లలు చేరేది, జూన్‌లోనే పోయేది. రెబెక్క ఆ లెక్క వేసుకుంటూనే ఆమెను స్టేషను ఆటో ఎక్కించింది.

బుధవారం పిల్లలు వెళ్లాక, కందిపప్పు చేటలో పోసుకుని రాళ్లు ఏరుతున్న అత్త పక్కన రెబెక్క, దేవిక ఇచ్చిపోయిన ఖాళీ పుస్తకాల్లో ఒకటి పట్టుకుని కూర్చుంది. "చెప్పు అత్తమ్మా" అంది, గోడ వైపు చూస్తూ.

"నన్ను కోట్‌పల్లి పొమ్మంటివి గద."

"తర్వాత పోదువు. ముందు అశ్విని సంగతి చెప్పు."

రాహేలమ్మ చెప్పింది. చెప్పులు ఎడమది కుడికి వేసుకునేది ఎవరో, తన వంతు రాకముందే ఏడ్చేది ఎవరో, ఇంట్లో కన్నడం మాట్లాడి బడిలో నోరు తెరవనిది ఎవరో. చదువు రాని మనిషి ఒక్కో పిల్ల గురించి అరగంట చెప్పింది. రెబెక్క పెన్ను మొదటి గడులకూ రెండో గడులకూ అలవాటు పడటానికి కొంత సమయం పట్టింది. కొన్ని విషయాలు అత్తకు కూడా తెలియలేదు. వాటిని మర్నాడు కూర్చుని చూడాల్సి వచ్చింది. చివరి పేజీలు బడిలోని పెద్దల గురించి. సహాయకురాలి పేజీలో, పిల్లలకు సొంతంగా చేసుకునే సమయం ఇస్తారా అని ఉంది.

"నాకు ఏది గీసినవు?"

"నడిమిది. ఎవరన్న సాయం చేస్తే."

"ఎవరి సాయం?"

"నాది. నువ్వు మూత తియ్యవోతే నేను చెయ్యి పట్టుకుంట."

"నీ పేజీల ఏమున్నది?"

"తోటివారి మాట వింటారా అని ఉన్నది."

"ఇంకా లేదు అని రాయి" అంది రాహేలమ్మ, చేట చెరుగుతూ. రెబెక్క రాసింది.

శుక్రవారానికి ఆరు పుస్తకాలే అయ్యాయి. ఆ సాయంత్రం అశ్విని తల్లి గేటు దగ్గరికి వస్తే, రెబెక్క ముందుగా అనుకోకుండానే చెప్పేసింది. పాపకు మూత తీయడం రావడం లేదని.

ఆమెకు కోపం రాలేదు. "ఇంట్ల గూడ నేనే తీస్త మేడం. మీ చీటిల వస్తదని ఉండె గద, ఇంట్లనే గారాబం పోతున్నదని మొన్న ఒకటి కొట్టిన గూడ" అంది. "మరి ఇంట్ల నేనేం చెయ్యాలె?" అని అడిగింది.

పదకొండేళ్లలో ఆ మాట అడిగిన తల్లి ఇంకెవరూ రెబెక్కకు గుర్తురాలేదు. బట్టల క్లిప్పులు ఇచ్చి తీగకు పెట్టించమని చెప్పింది. చెప్పి లోపలికి వచ్చాక పాత పుస్తకాల కట్టలోంచి అశ్వినిది తీసి, డబ్బా మూత దగ్గర తాను గీసిన మూడో గడి చూసింది. అశ్విని వీపున పడిన ఆ దెబ్బలో తన పెన్ను కూడా ఉంది.

ఏడు గంటలకు దీవెన వికారాబాదు నుంచి దిగింది. నలుగురూ అన్నాలకు కూర్చున్నారు. మంచు మనిషి సంగతి నానమ్మ చెబుతుంటే దీవెన మొహం దాచుకుంది. యాకోబు సోమవారం కొరియర్ ఆఫీసు ఎన్నింటికి తెరుస్తారో విచారించి వచ్చానని చెప్పాడు.

"సోమవారం కాయితాలు పంపుతలేను" అంది రెబెక్క. ఇంకొంచెం పప్పు వేయనా అని అడిగే గొంతుతోనే అంది.

యాకోబు చెయ్యి కంచంలో ఆగింది. "జూన్‌ల పిల్లలు పోతె?"

"పోయెటోళ్లు పోతరు. రేపు అందరి అమ్మనాయినలను పిలిచిన. ఎవరి పిల్లకు ఏమొస్తదో, ఏం రాదో ఉన్నది ఉన్నట్టు చెప్త. పుస్తకాలన్ని మళ్ల రాసి వచ్చే విడతకు పంపుత." గరిటె గిన్నెలో పెట్టి, అత్త కంచం వైపు చూస్తూ చెప్పింది. "పిల్లలను చూసి చెప్పేది అత్తమ్మ, రాసేది నేను. కాయితంల ఇద్దరం టీచర్లమే."